సవరల లిపి నుంచి మన గ్రూపు దాకా: చెదిరిన జనం ఎలా కలిసారు



మన భాషల కోసం సొంతంగా ఏదైనా మొదలుపెడదాం అని గ్రూపులో కొన్నాళ్ళుగా చర్చ నడుస్తోంది. కొందరు యాప్ అంటున్నారు, కొందరు ఛానెల్ అంటున్నారు. పేరు ఏం పెట్టాలి, లోగోలో విల్లు ఉండాలా డప్పు ఉండాలా అన్నదాని మీదే బోలెడు మెసేజులు వచ్చాయి. అందులో ఎవరు రోజూ మాట్లాడతారు, ఎందుకు మాట్లాడతారు అన్న ప్రశ్న మాత్రం ఇంకా ఎవరూ వెయ్యలేదు. సింహాచలం కొండ కింద అద్దెగదుల్లో ఉండి చదువుకుంటున్న మేము కొందరం, మనకన్నా ముందు ఇలాంటి పని చేసిన ఆదివాసీలు ఎవరు, వాళ్ళకి ఏం కలిసొచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అని చదివి చూసాం. పోస్ట్ పొడుగే. తీరిక చూసుకుని చదవండి.

ముందు ఒక తేదీ గుర్తు పెట్టుకోండి. 1936 ఏప్రిల్ 1. ఆ రోజున ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయింది. అంతకుముందు దాకా కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం అన్నీ మన విశాఖపట్నం జిల్లాలోనివే. పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉండేది. ఒక్క గీత గీసేసరికి ఒకే భాష మాట్లాడే సవరలు సగం అటు, సగం ఇటు అయిపోయారు. సీతంపేట, భామిని కొండలు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. గుణుపురం ఒడిశాకి పోయింది. కువి మాట్లాడే కోందులు, గదబలు, పోర్జలు కూడా అంతే. పెళ్ళి సంబంధాలు, సంతలు ఆ గీతని పట్టించుకోలేదు గాని బడి పుస్తకం పట్టించుకుంది. ఇటు పిల్లాడు తెలుగు అక్షరాలు, అటు పిల్లాడు ఒడియా అక్షరాలు దిద్దాడు. ఇద్దరూ ఇంట్లో ఒకే మాట మాట్లాడతారు, ఒకరు రాసింది ఇంకొకరు చదవలేరు. ఈ రోజు మన గ్రూపులో కోరాపుట్ మిత్రులు వాయిస్ మెసేజ్ పెడితే అందరికీ అర్థమై, టైపు చేసి పెడితే అర్థం కాకపోవడానికి కారణం అక్కడుంది.

ఆ గీత పడకముందే సవర భాష మీద జీవితం పెట్టిన మనిషి గిడుగు రామమూర్తి. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేసారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తారు. ఆ రోజు ఉపన్యాసాల్లో వాడుక భాష ఉద్యమం గురించి వింటాం. సవర మాట ఒక వాక్యంలో వస్తే గొప్పే. నిజానికి ఆయన ముందు పట్టుకున్నది సవర భాషనే. తెలుగు కూడా తెలిసిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఆ భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో వాచకాలు, పాటలు, కథలు తయారుచేసారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టి వాళ్ళ భాషలోనే చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం పుస్తకాలకి పారితోషికం ఇస్తానంటే, అది వద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టించండి అన్నారని ఆయన గురించి రాసినవాళ్ళంతా చెప్తారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. భాషాశాస్త్రం చదివేవాళ్ళకి అవి ఈ రోజుకీ ఆధారం.

ఇంత చేసినా ఒక లోటు కనిపిస్తుంది. అది ఆయన తప్పు అని మేము అనడం లేదు. ఆ పనికి ఇరుసు ఆయనే. ఆయన ఉన్నన్నాళ్ళు బడి నడిచింది, పుస్తకం వచ్చింది. పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940లో కన్నుమూసారు. ఆ తర్వాత పుస్తకాలు లైబ్రరీల్లో మిగిలాయి. ఊళ్ళల్లో ఆ పని ముందుకి తీసుకెళ్ళే సవరల సంఘం ఒకటి తయారుకాలేదు.

ఇప్పుడు రెండో కథ. అదే 1936. ఏప్రిల్లో గీత పడింది, జూన్లో గుణుపురం దగ్గర ఒక కొండ మీద మంగేయి గొమాంగో అనే సవర గురువుకి లిపి దర్శనమిచ్చిందని ఆయన అనుచరులు నమ్ముతారు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. అంతకు కొంతకాలం ముందు నుంచే ఆయన మామ మలియా గొమాంగో, మన మాటని ఎవరెవరి అక్షరాల్లోనో రాయడమేమిటని అడుగుతూ ఉన్నారు. మిషనరీలు రోమన్ లిపిలో రాసేవాళ్ళు. మైదానం వాళ్ళు తెలుగులోనో ఒడియాలోనో రాసేవాళ్ళు.

మంగేయి లిపిలో 24 అక్షరాలు. ఒక్కో అక్షరం ఒక్కో దేవత పేరుతో ముడిపడి ఉంటుంది. అంటే అక్షరం నేర్చుకోవడం, దేవతకి దండం పెట్టడం ఒకటే పని. ఆ అక్షరాలన్నిటినీ కలిపి ఒక్క మూర్తిలా చేసి పూజిస్తారు. దాని చుట్టూ మతర్ బనోం అనే పంథా పుట్టింది. ఆశ్రమం వచ్చింది. అచ్చుయంత్రం కూడా తెచ్చుకుని సొంత అక్షరాల్లో అచ్చువేసుకున్నారు. బయటి నుంచి మాస్టారు రావక్కర్లేదు, ప్రభుత్వం జీవో ఇవ్వక్కర్లేదు. పూజకి వచ్చిన ప్రతి మనిషీ ఆ లిపిని మోసేవాడే. ఎనభై ఏళ్ళు దాటినా అది బతికి ఉండటానికి కారణం అదే. 2012లో యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది.

గిడుగు వారికి దొరకనిది మంగేయికి దొరికింది: తన తర్వాత కూడా పని చేసే మనుషులు. అయితే మంగేయి దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. లిపి పూజతో కలిసిపోయింది కాబట్టి పూజ ఒప్పుకోనివాళ్ళు లిపి దగ్గరకీ రాలేదు. క్రైస్తవం తీసుకున్న సవరలు రోమన్‌లోనే రాసుకున్నారు. ఆంధ్ర వైపు వాళ్ళు తెలుగులో, మిగిలినవాళ్ళు ఒడియాలో. లోపల ఎంత గట్టి బంధమో, గుమ్మం అంత ఇరుకు. మన గ్రూపులో కూడా చూస్తున్నాం కదా. ఫలానా సంఘం వాళ్ళు మొదలుపెట్టారని ఇంకో సంఘం వాళ్ళు రారు. ఫలానా పార్టీ అన్న అడ్మిన్ అని కొందరు చేరి, మాట్లాడకుండా ఉంటారు. చేరడానికి ముందు ఇంకేదో ఒప్పుకోవాలి అన్నప్పుడల్లా ఇదే జరుగుతుంది.

ఆ గుమ్మం వెడల్పుగా కట్టినవాడు ఒకాయన ఉన్నారు. మయూర్‌భంజ్ సంతాల్, పండిత్ రఘునాథ్ ముర్ము. సవర లిపి కన్నా పదకొండేళ్ళు ముందు, 1925లో ఓల్ చికి తయారుచేసారు. ఆయన లిపిని గుడిలో పెట్టలేదు, నాటకంలో పెట్టారు. బిదు చందన్ అనే నాటకం రాసారు. ఊరూరా ఆడారు, పాటలు కట్టారు. నాటకం చూడ్డానికి ఏ మతం వాడైనా వస్తాడు, ముసలమ్మ కూడా వస్తుంది. చూసాక ఆ అక్షరం మీద ఇష్టం పుడుతుంది. తర్వాత విద్యా సాంస్కృతిక సంఘం ఒకటి పెట్టి, ఊళ్ళో బడి నడిపే కుర్రాళ్ళని తయారుచేసారు. ఒడిశా, బెంగాల్, బీహార్, అస్సాం అని నాలుగు వైపులా చెదిరిన సంతాలులు నాలుగు లిపుల్లో రాసుకుంటున్న కాలం అది. ఓల్ చికి ఒప్పుకోని సంతాలులు ఈ రోజుకీ ఉన్నారు, అక్కడా తగువులు లేవని కాదు. కానీ 2003లో 92వ రాజ్యాంగ సవరణతో సంతాలి ఎనిమిదో షెడ్యూలులోకి వచ్చింది. 2008లో లిపి యూనికోడ్‌లోకి వచ్చింది. 2018 ఆగస్టులో సంతాలి వికీపీడియా మొదలైంది.

ఈ మూడు సంవత్సరాలూ వరసలో పెట్టి చూడండి. 1925లో మొదలైన లిపి, 2018లో వికీపీడియా. మధ్యలో 93 ఏళ్ళు. వికీపీడియా వచ్చాక సంతాలులు ఒక సమాజంగా కలవలేదు. కలిసిన సమాజం దగ్గరికి వికీపీడియా వచ్చింది. యాప్ చేస్తే జనం వస్తారు అనుకునే మన మిత్రులు ఈ వరస ఒకసారి ఆలోచించాలి.

ఇక గోండుల సంగతి. ఇది మాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే ఇక్కడ లిపి ఉండి కూడా చాలాకాలం పనికి రాలేదు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తని పంపింది. 1943లో మార్లవాయిలో గోండు కుర్రాళ్ళకి ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. అదే ఆదిలాబాద్ జిల్లాలో నార్నూరు మండలం గుంజాల అనే ఊళ్ళో గోండుల సొంత లిపిలో రాతప్రతులు ఇళ్ళల్లో భద్రంగా ఉన్నాయి. బయటి ప్రపంచానికి అవి తెలిసింది 2006లో. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు వెళ్ళి చూసేసరికి, ఆ లిపి చదవగలిగిన పెద్దలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఆ పెద్దలే గురువులై పిల్లలకి నేర్పడం మొదలెట్టారు, వాచకాలు వచ్చాయి. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. దానికి ఒక ఏడాది ముందు మసరాం గోండి అనే ఇంకో లిపి చేరింది. అంటే ఒక్క గోండీకి ఇప్పుడు రెండు సొంత లిపులు. వాటికి తోడు దేవనాగరి, తెలుగు కూడా ఉన్నాయి.

మరి లిపి దగ్గర కలవనివాళ్ళని ఏం కలిపింది? మాట కలిపింది. 2010లో శుభ్రాంశు చౌధురి అనే పాత్రికేయుడు ఛత్తీస్‌గఢ్ అడవి జనం కోసం సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. బెంగళూరు మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సాంకేతిక సాయం చేసారు. ఇది ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెప్తాం, ఎందుకంటే మనం చేయాలనుకుంటున్నదానికి దగ్గర ఇదే. మామూలు బటన్ ఫోను చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వస్తుంది, పైసా ఖర్చు లేదు. ఒకటి నొక్కితే మన మాట రికార్డు అవుతుంది. రెండు నొక్కితే వేరేవాళ్ళు చెప్పినవి వినొచ్చు. అంతే. చదువు రాని అవ్వ కూడా గోండీలో మాట్లాడొచ్చు.

అయితే రికార్డు చేసిన ప్రతిదీ నేరుగా బయటికి వెళ్ళిపోదు. మధ్యలో మనుషులుంటారు. చెప్పింది నిజమేనా అని ఫోన్ చేసి కనుక్కుంటారు, మాట స్పష్టంగా లేకపోతే సరిచేయిస్తారు, అప్పుడు వినిపిస్తారు. ఊళ్ళో బోరు పాడైంది, ఉపాధి కూలి రాలేదు, రేషన్ ఇవ్వట్లేదు అని ఒకరు చెప్తే, ఆ అధికారి ఫోన్ నంబరు కూడా మెసేజులోనే చెప్తారు. ఎక్కడో ఊళ్ళో కూర్చుని విన్నవాళ్ళు ఆ అధికారికి ఫోన్ చేస్తారు. పని అయ్యాక, మొదట చెప్పిన మనిషే మళ్ళీ ఫోన్ చేసి, అయింది అని రికార్డు చేస్తాడు. ఆ ఆఖరి మెట్టు మాకు చాలా గొప్పగా అనిపించింది. సమస్య చెప్పుకునే చోట్లు చాలా ఉన్నాయి. పని జరిగింది అని తిరిగొచ్చి చెప్పే చోటు ఉంటేనే విన్నవాడికి ఇంకోసారి ఫోన్ చేయాలనిపిస్తుంది.

సిగ్నల్ లేని ఊళ్ళకి వాళ్ళు ఇంకో దారి కనిపెట్టారు. బుల్టూ రేడియో. పంచాయతీ ఆఫీసులో నెట్ ఉన్న చోట ఒకరు దింపుకుంటారు, అక్కడి నుంచి ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకి బ్లూటూత్‌లో వెళ్తుంది. సంతకి వచ్చినవాడు పట్టుకుపోయి తన ఊళ్ళో వినిపిస్తాడు. మన ఏజెన్సీలో కబురు ఎప్పుడూ సంత మీదే కదా నడిచింది.

ఈ పనిలోంచే ఇంకోటి పుట్టింది. ఆరేడు రాష్ట్రాల గోండులు ఒక చోట కూర్చుంటే ఒకరి గోండీ ఇంకొకరికి సగమే అర్థమైంది. మరాఠీ కలిసిన గోండీ, తెలుగు కలిసిన గోండీ, హిందీ కలిసిన గోండీ. 2014 నుంచి వరసగా సమావేశాలు పెట్టుకుని, ఏ మాటకి ఏది అందరికీ ఒప్పుదలో తేల్చుకుంటూ ఉమ్మడి నిఘంటువు తయారుచేసుకున్నారు. 2018లో కర్ణాటకలోని హంపి కన్నడ విశ్వవిద్యాలయంలో ఆ పని ఒక కొలిక్కి వచ్చింది. సుమారు 3,000 మాటలు. నాలుగేళ్ళకి మూడు వేలు తక్కువ అనిపించొచ్చు. ప్రతి మాట దగ్గరా, మా ఊళ్ళో అలా అనం అనే మనిషి ఒకడుంటాడని తెలిసినవాళ్ళకి తక్కువ అనిపించదు.

గోండుల దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది, అది ఫోన్లకన్నా చాలా పాతది. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళకి భేటి జరుగుతుంది. తెల్ల చీరలు కట్టుకుని వచ్చి దేవుడి ముందు, పెద్దల ముందు పరిచయం అవుతారు. భేటి అయ్యాకే ఆ కోడలు నాగోబా పూజల్లో పాలుపంచుకోవచ్చు. కొత్త మనిషి వచ్చింది, ఈమె ఎవరు, ఎవరింటి పిల్ల అని వంశం మొత్తానికి తెలుస్తుంది. ఆమెకి కూడా తనకి ఎవరెవరు ఏమవుతారో తెలుస్తుంది. మన గ్రూపులో లింకు నొక్కి చేరినవాళ్ళని ఎవరూ పలకరించరు. మూడు నెలలకి వాళ్ళే మౌనంగా వెళ్ళిపోతారు, అది కూడా ఎవరూ గమనించరు.

ఇదంతా ఎందుకు అంత ముఖ్యం అంటారా? 2020 ఏప్రిల్ 22 గుర్తు చేసుకోండి. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో ఉపాధ్యాయ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ రోజు కొట్టేసింది. 2000 జనవరి 10న వచ్చిన జీవో అది. లాక్‌డౌన్ రోజులు, ఎవరింట్లో వాళ్ళం. ఫోన్లలో కబురు నిప్పులా పాకింది. ఫార్వర్డులు వచ్చాయి, బాధ వచ్చింది, కోపం వచ్చింది. కానీ తీర్పులో ఏముంది, ఏ పేరా మన మీద ఎలా పడుతుంది, రివ్యూ పిటిషన్ అంటే ఏంటి అని మన మాటల్లో విడమరిచి చెప్పే మనుషులు మన గ్రూపుల్లో చాలా తక్కువ. జీవో పోతే పోయింది ఉద్యోగాలు మాత్రమే కాదు. బడిలో పిల్లాడి భాష తెలిసిన మాస్టారు ఉండే అవకాశం కూడా దాంతో ముడిపడి ఉంది. అలాంటి రోజు మళ్ళీ వస్తే ఫార్వర్డు చేసే వేలమంది కన్నా, చదివి చెప్పే పదిమంది, దాన్ని కువిలోనూ కుపియాలోనూ ఆదివాసీ ఒడియాలోనూ వాయిస్‌లో పెట్టే ఇంకో పదిమంది కావాలి.

మేము ఉండే చోటు కాబట్టి సింహాచలం మాట కూడా ఒకటి. గుడి గోడల మీద, స్తంభాల మీద శాసనాలున్నాయి. పాతది కులోత్తుంగ చోళుడి కాలంది, పదకొండో శతాబ్దం చివర. 1516లో కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఇక్కడికి వచ్చి ఇచ్చిన కానుకల శాసనం కూడా ఉంది. రాజుల పొగడ్తలు పక్కన పెడితే, ఇలాంటి గుడి శాసనాల్లో ఎక్కువగా ఉండేది చిన్న లెక్క. అఖండదీపం వెలగాలంటే నెయ్యి ఎవరు తేవాలి, దానికి ఎన్ని ఆవులు ఎవరికి అప్పగించారు, సూర్యచంద్రులున్నంత కాలం ఇది ఎలా సాగాలి. దీపం పెట్టడం గురించి ఒక ముక్క రాస్తే, రేపు, ఎల్లుండి, ఆ మనిషి పోయాక నెయ్యి ఎవరు పోస్తారన్నదాని గురించి నాలుగు ముక్కలు రాసారు. ఆ గోడ మీద మన కొండల జనం చరిత్ర వెతుక్కోవాలని మేము అనడం లేదు, దాన్ని రాయించినవాళ్ళు వేరు. కానీ మన గ్రూపు నియమాల్లో బూతులు వద్దు, ప్రకటనలు వద్దు అని ఎనిమిది వద్దులు ఉన్నాయి. నెయ్యి ఎవరు పోస్తారన్నది ఒక్కటీ లేదు.

విశాఖలో మన భాషల మీద పనేమీ జరగలేదని కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య ప్రసన్నశ్రీ మన ప్రాంతపు గిరిజన భాషలు చాలా వాటికి లిపులు తయారుచేసారు. ఆ కృషికి 2021 సంవత్సరపు నారీశక్తి పురస్కారం రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నారు. మనవాళ్ళలో ఎంతమంది ఆ అక్షరాల్లో తమ పేరు రాయగలరు? అది ఆమె చేయగలిగిన పని కాదు, ఊళ్ళల్లో మనం చేయాల్సిన పని. ప్రభుత్వం వైపు నుంచి 2004లో సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒడియా, బంజారా, కోలామీ, గోండీ అని ఎనిమిది భాషల్లో, 240 బడుల్లో మాతృభాషా బోధన మొదలైంది. వాచకాలు తెలుగు లిపిలో. కథలు, పాటలు, బొమ్మలు మన ఊళ్ళ నుంచే తీసుకున్నారు. ఏ లిపి అన్న తగువు ఒక రోజులో తేలదు. మా అభిప్రాయం అడిగితే, ముందు మాట్లాడుకుందాం, చేతికొచ్చిన లిపిలో రాసుకుందాం. సంతాలుల నాటకంలాగా జనానికి ఇష్టం పుట్టాక సొంత లిపి అడిగేవాళ్ళు మనలోంచే వస్తారు.

కాబట్టి పేరు, లోగో వచ్చే నెలకి వాయిదా వేద్దామని మా ప్రతిపాదన. ఈ నెల ఒకే ఒక్క పని. 2004 తర్వాత ఆ బడుల్లో చదువుకున్నవాళ్ళు మన గ్రూపులోనే ఉండి ఉంటారు. ఇంట్లో, అటక మీద, పాత ట్రంకు పెట్టెలో మాతృభాషా వాచకం ఏదైనా ఉంటే అట్ట, మొదటి పాఠం ఫొటో తీసి పంపండి. ఆ పాఠాన్ని మీ అమ్మ చేతనో, అవ్వ చేతనో మీ ఊళ్ళో అనే తీరులో చెప్పించి రెండు నిమిషాల వాయిస్ పెట్టండి. ఊరి పేరు, మండలం రాయండి. మా ఊళ్ళో అలా అనం అని ఇంకొకరు అంటే అదీ వాయిస్‌లోనే పెట్టాలి, కొట్లాట మాత్రం వద్దు. కువివి వినడానికి మాలో ఇద్దరు ఒప్పుకున్నారు, ఆదివాసీ ఒడియావి వినడానికి ఒకరు. సవర, కొండ, కుపియా తెలిసినవాళ్ళు ఇంకా కావాలి. వచ్చినవాటికి ప్రతి ఆదివారం రాత్రి జవాబు పెడతాం, ఏ ఊరి నుంచి ఏం వచ్చిందో జాబితాతో సహా.